కడియంలో నాటిన కారు

కడియం నర్సరీల్లో తెలివంతా దేవుడు ఒక్కింట్లోనే పోసిపెట్టాడు. నేనన్న మాట కాదండోయ్, ఆ ఇంటివాళ్ళు చెప్పుకునే మాట. పెద్దవాడు అబ్బులు, నడిపివాడు బుల్లియ్య, చిన్నవాడు చంటబ్బాయి. "మనకున్న బుర్రకి మొక్కలమ్ముకోవడమేంట్రా, దేశాన్ని ఏలాలిగానీ!" అని రోజూ నీళ్ళు పెడుతూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకునేవారు.

చంటబ్బాయికి నలభై దాటాక ఎట్టకేలకు సంబంధం కుదిరింది. పిల్ల పేరు శేషారత్నం. ఆ పిల్లంటే వీడికి ప్రాణం. కాబోయే మామగారు పల్లాలయ్యకి మాత్రం దర్జా పిచ్చి. "పెళ్ళికొడుకు స్పోర్ట్స్ కారులో రావాలి. ముహూర్తానికి దిగి పీటల మీద కూర్చోవాలి. ముహూర్తం దాటిందో, పెళ్ళి లేదు!" అన్నాడు.

ఇంకేముంది, ముగ్గురూ రాజమండ్రి షోరూంకి పరిగెత్తారు. అక్కడి సేల్స్ ఆయన రెండు కార్లు చూపించాడు.

"ఇది కన్వర్టిబులండీ. మీట నొక్కితే పైకప్పు మడుచుకుని వెనక్కి పోతుంది. అది కూపే. కప్పు కదలదు, చినుకు కూడా లోపల పడదు."

"కప్పు లేనిదానికే ధర ఎక్కువా?" అని నోరెళ్ళబెట్టాడు బుల్లియ్య. "అన్నయ్యా, తుపానుకి మన కోళ్ళగూడు కప్పు ఎగిరిపోయిందా, అదీ కన్వర్టిబులైపోయినట్టే! అమ్మేద్దామా?"

"కోళ్ళనడిగి చూద్దాంలే," అన్నాడు అబ్బులు గంభీరంగా. "చినుకు పడకుండా ఏదైనా బతుకుతుందా? కూపే వద్దు. ఎండా వానా తగిలేదే ఇవ్వండి."

వీళ్ళు నర్సరీవాళ్ళని తెలిసి, సేల్స్ ఆయన తాళాలిస్తూ మర్యాదకి ఓ మాటన్నాడు. "మీ మొక్కల్ని చూసుకున్నట్టు చూసుకోండి, చాలు."

అంతే. ఇంటికొచ్చి కప్పు తీసేశారు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి సీట్ల మీద పైపుతో నీళ్ళు. స్టీరింగ్ మొదలు దగ్గర గంపెడు పశువుల ఎరువు. కొన్నాళ్ళకి ఇంజను దగ్గడం మొదలెట్టింది. "సారం చాల్లేదురా," అని పెట్రోలు పోసేచోట వేపపిండి కలిపిన నీళ్ళు పోశారు. అంతే, దగ్గు కూడా ఆగిపోయింది.

"నేలమీద ఊరికే నిలబెడితే ఎలా ఎదుగుతుందిరా!" అని అబ్బులు గొయ్యి తవ్వించి, కారుని తలుపుల దాకా నాటించాడు. చుట్టూ పాదు కూడా చేశారు. ఎంత ముద్దొచ్చిందో!

పెళ్ళిరోజు వచ్చింది. చంటబ్బాయి ముస్తాబై కార్లో కూర్చుని తాళం తిప్పాడు. కదిలితేగా!

"అన్నయ్యా, ముహూర్తం దాటిపోతుంది! శేషారత్నం నాకు దక్కదు!" అని బావురుమన్నాడు.

"పిచ్చోడా, ఇంతింత చెట్లని ఊళ్ళు దాటించట్లేదా మనం?" అన్నాడు అబ్బులు. క్రేను వచ్చింది. వేళ్ళు తెగకుండా మట్టిగడ్డతో సహా కారుని పెకలించి, గోనెపట్టాలు చుట్టి, పెళ్ళికొడుకుతో పాటే లారీ ఎక్కించారు.

చెప్పుకోవాలి మరి, టైముకే మండపం చేరారు. పల్లాలయ్య ఆ లారీని కిందా మీదా చూశాడు. "సరే, ఏదో ఒకటి. దిగు బాబూ, పంతులుగారు పిలుస్తున్నారు," అన్నాడు. శేషారత్నం గుమ్మంలోకొచ్చి నవ్వింది. చంటబ్బాయి ఆనందంగా ఒక కాలు బయటపెట్టాడు.

"ఆగరా! నాటేలోపే కదిలావంటే మట్టిగడ్డ విచ్చిపోతుంది!" అని అరిచాడు అబ్బులు. చంటబ్బాయి చటుక్కున కాలు లోపలికి లాక్కున్నాడు.

మండపం ముందు గొయ్యి తవ్వారు. కారుని దింపారు. మట్టి కప్పారు. పెళ్ళికొడుకు నెత్తిమీద కూడా నీళ్ళు పోశారు. ఈలోగా ముహూర్తం కాస్తా దాటిపోయింది. శేషారత్నం ఆ తడిసిన మొహాన్ని ఓసారి చూసి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

చంటబ్బాయి వెక్కివెక్కి ఏడుస్తుంటే అన్నలిద్దరూ చెరోపక్కా చేరారు.

"ఊరుకోరా, తప్పు మనదే," అన్నాడు బుల్లియ్య. "మగచెట్టు తోడు లేకుండా బొప్పాయి ఒక్కటే నాటితే కాయ కాస్తుందా? పాపం, ఈ కారుకి జత లేదు. అందుకే శుభం జరగలేదు."

ఇంకేముంది, మర్నాడే కన్వర్టిబుల్‌ని పెకలించి ఇంటికి తెచ్చారు. షోరూంకి పోయి ఆ కూపేని కూడా కొనుక్కొచ్చారు. పెళ్ళికి మిగిలిన పూలదండలు రెంటికీ వేసి, పంతుల్ని పిలిచి, మేళాలతో పక్కపక్కనే నాటారు. హారతిపళ్ళెం చంటబ్బాయే పట్టుకున్నాడు. ఈసారి ముహూర్తం ఒక్క క్షణం కూడా దాటలేదు.