బండ మీద అడుగులు పడవు

అనగనగా రాళ్లు ఎక్కువ, నీళ్లు తక్కువ అయిన ఒక అడవి ఉండేది. ఆ అడవికంతా ఒక్కటే మడుగు. ఎండలు ముదిరాయంటే ఆ మడుగు బురదయ్యేది, బురద పెళ్లలు కట్టేది. అప్పుడు జంతువులన్నీ పెద్దబండ దాటి, అవతలి లోయలో ఉన్న ఊటకు వలస పోయేవి.

దారి కష్టమైనది. మొదట ఇప్పచెట్ల తోపు, తర్వాత ఎండిన వాగు, ఆ పైన పెద్దబండ. బండ మీద నుంచి మూడు సందులు కిందికి దిగుతాయి. ఒక్కటే ఊటకు పోతుంది. ఇంకొకటి ముళ్లలోకి, మరొకటి ఒట్టి రాళ్లలోకి.

అందుకని ఆ అడవిలో పిల్లలకు ఒక బడి ఉండేది. కొమ్ములు అరిగిన ఒక ముసలి కణితి దుప్పి అక్కడ పంతులు. ఏడాదంతా పిల్లలను వెంటబెట్టుకుని దారి నేర్పేవాడు. ఎండలు ముదిరే ముందు పరీక్ష పెట్టేవాడు. పరీక్షలో పిల్ల ముందు నడవాలి, పంతులు వెనక నడుస్తాడు. అంతే పరీక్ష. పాసైన పిల్ల తన వాళ్లను ముందుగానే, ఆగుతూ ఆగుతూ, నీడ చూసుకుంటూ ఊటకు తీసుకుపోవచ్చు. తప్పిన పిల్ల ఇంటివాళ్లు మందతో పోవాలి. బండ కాలకముందే దాటాలి కాబట్టి మంద ఎవరికోసమూ ఆగదు.

ఆ బడిలో చుక్కయ్య అనే జింకపిల్ల చదివేవాడు. ఈ పరీక్ష అందరికన్నా వాడికే ఎక్కువ అవసరం. వాళ్లమ్మ వెనక కాలు ఒకసారి ఉచ్చులో చిక్కి నలిగిపోయింది. అప్పటినుంచీ కుంటుతూ నడిచేది. కిందటి ఎండాకాలం మందతో పోయి, ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఊట చేరింది. ఇంకోసారి అలా చేరడం తనవల్ల కాదని ఆమెకూ తెలుసు, కొడుక్కూ తెలుసు.

"నువ్వు పాసైతే చాలు నాయనా. మెల్లగా నీ వెంట వచ్చేస్తాను" అనేది.

చుక్కయ్య మొద్దు కాదు, సోమరి కూడా కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను. లేకపోతే మీలో కొందరు, వాడెవడో మొద్దబ్బాయి, మనకేమిటని హాయిగా కాళ్లు చాపుకుని వింటారు. రోజూ బడికి పోయేవాడు. మెత్తటి మట్టిలో పంతులు గిట్టల గుర్తులు పడితే, ఆ గుర్తుల్లోనే తన గిట్టలు పెట్టి నడిచేవాడు. ఒక్కటి కూడా తప్పేది కాదు. గుర్తులు పడని చోట ఆయన కాళ్లే చూస్తూ, అలా తల వంచుకుని ఊట దాకా పోయి, ఇంటికొచ్చి దారంతా వచ్చేసిందని అమ్మకు చెప్పేవాడు. అబద్ధం చెప్పలేదు పాపం, నిజంగానే వచ్చేసిందనుకున్నాడు.

అదే బడిలో సూదమ్మ అనే ఏదుపంది పిల్ల ఉండేది. ఒళ్లంతా ముళ్లు, పొట్టి కాళ్లు. నడకలో ఎప్పుడూ అందరికన్నా వెనకే. బడి వదిలాక ఒక రాయి పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని దారి మొత్తం పైకి చెప్పుకునేది. ఎక్కడ తడబడిందో మర్నాడు అక్కడికే పోయి మళ్లీ చూసుకునేది. అప్పటికీ తెలియకపోతే పంతుల్ని అడిగేది. రోజూ ఏదో ఒకటి అడిగేది. పిల్లలంతా నవ్వేవారు, చుక్కయ్య కూడా నవ్వేవాడు.

"నీకింకా దారి రాలేదా?" అన్నాడు ఒకరోజు.

"చూస్తున్నంతసేపూ వచ్చినట్టే ఉంటుంది చుక్కయ్యా. కళ్లు మూసుకుంటే పోతుంది. ఎక్కడ పోతుందో తెలుసుకుంటున్నాను" అంది సూదమ్మ.

ఆ మాట చుక్కయ్య బుర్రకెక్కలేదు. ఒకసారి పంతులే వాడిని పిలిచి, ఇవాళ నువ్వు ముందు నడవరా అన్నాడు. దారి తప్పితే నలుగురూ నవ్వుతారని వాడికి భయం. రేపు నడుస్తానని తప్పించుకున్నాడు. మీ అందరికీ తెలిసిన రేపే అది, ఎప్పటికీ రాదు.

పరీక్ష దగ్గరపడింది. అప్పుడు ఒక గోరువంక కొమ్మ మీద వాలి, అడగకుండానే సలహా చెప్పింది. పంతులు ముసలివాడైపోయాడట, పరీక్షనాడు ఒక్కొక్కరితో అన్నిసార్లు బండ ఎక్కలేడట, ఏటా పరీక్ష వాగు దగ్గరే ముగించేస్తున్నాడట. కాబట్టి వాగు దాకా నేర్చుకుంటే చాలునట. రెక్కలున్న గోరువంకకు దారితో పనేమిటి, పరీక్షతో పనేమిటి? అది ఎవరికీ తోచలేదు. చుక్కయ్య బండను వదిలేసి, వాగు దాకానే తిరిగి తిరిగి నేర్చుకున్నాడు.

పరీక్ష ముందురోజు సాయంత్రం పంతులు పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఈసారి పరీక్ష వాగు దగ్గర మొదలై ఊట దగ్గర ముగుస్తుందని చెప్పాడు. చుక్కయ్య, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, రాత్రంతా కునుకు లేకుండా వాగుకూ బండకూ మధ్య పరుగులు పెట్టాడు. చీకట్లో ఏ సందు ఏదో కూడా తెలియలేదు. సూదమ్మ మాత్రం నాలుగు దుంపలు తిని నిద్రపోయింది.

తెల్లవారింది. సూదమ్మ ముందు నడిచింది. బండ మీద ఆమె కూడా ఒక్క క్షణం తడబడింది. కానీ బెంబేలు పడలేదు. కళ్లు మూసుకుని, తనకు గట్టిగా తెలిసిన దగ్గరినుంచి మొదలుపెట్టింది. పొద్దు వీపుకు తగలాలి. ఒంటి తునికిచెట్టు ఎడమచెవి వైపు ఉండాలి. కళ్లు తెరిచి, ఆ సందులోకే దిగి ఊట చేరింది.

తర్వాత చుక్కయ్య వంతు. నిద్రలేక కళ్లు మండుతున్నాయి. బండ ఎక్కి, అలవాటు కొద్దీ గిట్టల గుర్తుల కోసం కిందికి చూశాడు. బండ మీద అడుగులు పడవు కదా. అప్పుడు తల ఎత్తాడు. ఏడాదిలో మొదటిసారి ఆ బండను సరిగ్గా చూశాడు. ఏదీ ఎరిగినట్టు లేదు. మధ్య సందులోకి దిగి ముళ్లలో చిక్కుకున్నాడు.

పంతులు వాడిని మెల్లగా బయటికి లాగాడు. ఆయనకూ బాధగానే ఉంది.

"ఏడాదంతా నా కాళ్లు చూశావురా. దారి చూడలేదు" అన్నాడు. "పరీక్ష మళ్లీ వస్తుంది, దాని గురించి కుమిలిపోకు. మీ అమ్మ సంగతి చూడు. పాసైనవాళ్లను ఎవరినైనా తోడు అడుగు."

సూదమ్మ వాళ్లు ఆ సాయంత్రమే బయలుదేరుతున్నారు. అడిగితే తప్పకుండా తీసుకుపోయేది. నవ్విన నోటితో అడగడానికి చుక్కయ్యకు మొహం చెల్లలేదు. కొడుకు మొహం చూసి అమ్మ కూడా వాడిని నొప్పించలేక, కాలు ఇప్పుడు బాగానే ఉందని, మందతో నడుస్తానని చెప్పింది. అది అబద్ధమని చుక్కయ్యకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

మంద బయలుదేరింది. ఇప్పతోపు దాటేసరికే అమ్మ వెనకబడింది. చుక్కయ్య మందను వదిలి ఆమె దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ వాగు దాటి బండ ఎక్కేసరికి మంద ఎప్పుడో దిగిపోయింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. బండ పెనంలా కాలుతోంది. ఎటు చూసినా ఒక్క గుర్తు లేదు.

"ఎటు నాయనా?" అంది అమ్మ.

మందలింపుగా అడగలేదు. ఏటా మంద వెనకే నడిచిన ఆమెకు దారి తెలియదు, కొడుక్కి తెలుసనుకునే అడిగింది.

ముళ్ల సందు తెలిసిందే కనుక, పక్క సందులోకి దిగారు. చాలా దూరం పోయాక అది ఒట్టి రాళ్లలో ముగిసింది. మళ్లీ పైకెక్కారు. బండ మీదికి వచ్చాక అమ్మ కాళ్లు మడతపడ్డాయి. ఇక లేవలేకపోయింది. నువ్వు పోయి నీళ్లు తాగి, తర్వాత వచ్చి నన్ను తీసుకుపో అంది.

చుక్కయ్య మిగిలిన సందులోకి పరిగెత్తాడు. ఊట ఎంతో దూరం లేదు, రెండు మలుపులు తిరగగానే ఉంది. ఇంత దగ్గరా అనుకున్నాడు. ఒక్క గుక్క కూడా తాగకుండా, అక్కడికి ముందే చేరిన పంతుల్ని పిలుచుకుని వెనక్కి పరిగెత్తాడు. వాళ్లు వచ్చేసరికి అమ్మ ఆ సందు వైపే తల పెట్టుకుని పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు.

వానలు వచ్చాయి, మడుగు నిండింది, మళ్లీ బడి మొదలైంది. ఈసారి చుక్కయ్య ఎవరి వెనకా నడవలేదు. తెలియనిది తెలియదని చెప్పాడు. పిల్లలు నవ్వితే నవ్వనిచ్చాడు. రోజూ సాయంత్రం కళ్లు మూసుకుని దారి చెప్పుకున్నాడు. బండ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాడు, మళ్లీ మొదటినుంచి చెప్పుకునేవాడు.

పరీక్ష రోజున ఎక్కడా ఆగకుండా పంతుల్ని ఊట దాకా నడిపించాడు. పంతులు వాడి తల నాకి, పాసయ్యావురా, ఇక నీ వాళ్లను తీసుకుపోవచ్చు అని అలవాటుగా అనేసి, నాలుక కరుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే చుక్కయ్య బయలుదేరాడు. ఆగుతూ ఆగుతూ, నీడ చూసుకుంటూ, కుంటివాళ్లు నడిచేంత మెల్లగా నడిచాడు. ఒక్కడే నడిచాడు.

నీతి: ఒకరి వెనక నడిచినంత మాత్రాన దారి వచ్చినట్టు కాదు. చూడకుండా చెప్పగలిగితేనే వచ్చినట్టు. రానిదేమిటో పరీక్షకు ముందే తెలుసుకోవాలి, రానప్పుడు సిగ్గుపడకుండా అడగాలి.