గట్టిగా పేలిన కిరణం

“బాంబులా పేలే పెద్ద లేజరు ఉండగా, ఈ మూగదానితో మనకేం పని సార్?”

అడిగినవాడు దేవసహాయం. లోహాన్ని లేజరుతో ప్లాస్మాగా, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయేంత వేడి వాయువుగా మార్చడమే మూడేళ్లుగా మా ప్రయోగశాలలో అతని పని. సోమవారం సిద్ధాంత గ్రంథం ఇచ్చెయ్యాలి. గురి కుదర్చడానికి అతను కటకాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ చెవి ఒగ్గి వినేవాడు. ఎక్కడ ‘ఫట్’మని గట్టిగా పేలితే అక్కడ గురి కుదిరినట్టు. మేమందరం చేసేదీ అదే. ఈ విద్యలో నిన్ను మించినవాడు లేడని అతణ్ణి మునగచెట్టు ఎక్కించింది కూడా మేమే.

మా గైడు కూర్మాచలం మాస్టారు వాదించలేదు. ఒకే రాగిబిళ్ల మీద రెండుచోట్ల వందేసి దెబ్బలు కొట్టమన్నారు. ఒకచోట పెద్ద లేజరు పరారుణ కిరణంతో, రెండోచోట అందులో సగం శక్తి కూడా లేని, తరంగదైర్ఘ్యం బాగా పొట్టిదైన అతినీలలోహిత కిరణంతో. మొదటిదానికి గది దద్దరిల్లింది. దేవసహాయం మీసం దువ్వాడు. రెండోది చిటికెలు వేసినట్టు వినపడింది. సిగ్గు లేకుండా మేం నవ్వాం.

“ఇప్పుడు కోసి చూడు,” అన్నారు మాస్టారు.

అన్నాళ్లూ పేలినప్పుడు వచ్చే మెరుపును కొలిచి రాసుకోవడమే గానీ, బిళ్లను కోసి చూసిన పాపాన ఎవరం పోలేదు. దేవసహాయం కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. చిటికెలు వేసినచోట నిట్టనిలువు గుంట. గది దద్దరిల్లినచోట పైపైన మసి, గోటితో గీరినంత గాటు. నమ్మలేక రెండో ముక్క పెట్టి చూశాడు. అదీ అంతే. పొడవాటి తరంగాల కిరణం బిళ్లకు ముందున్న గాలినే ప్లాస్మా తెరగా మండించి, తన శక్తిలో ముప్పాతిక వంతు ఆ తెర మీదే పోగొట్టుకుంది. పొట్టి తరంగాలది తెరలోంచి దూరిపోయి రాగినే ప్లాస్మా చేసింది. గట్టి చప్పుడు కోసం వెతికి వెతికి అతను మూడేళ్లూ గురిని గాలిలోనే కుదిర్చాడు. లోహానివని రాసుకున్న కొలతలు గాలివి.

దేవసహాయం స్టూలు మీద కూలబడిపోయాడు.

“మూడేళ్లు సార్!” అని అరిచాడు. “ఒక్కసారైనా మీరు నాకు చెప్పకూడదా?”

మాస్టారు అతని పక్కనే కూర్చున్నారు.

“చెప్పాను నాయనా. మెల్లగా చెప్పాను.”