తల్లిపోలిక కోసం బొల్లి పోట్లాట

ఒకప్పుడు పిల్లలకి తల్లిపోలిక అనేదే ఉండేది కాదు.

కాకిపిల్ల తండ్రికాకిలా ఉండేది. ఉడుతపిల్ల తండ్రిఉడుతలా ఉండేది. తల్లి ఎంత చక్కనిదైనా, ఎంత బలమైనదైనా, ఆమెది ఒక్క వెంట్రుక కూడా బిడ్డకి వచ్చేది కాదు. తల్లి మోసేది, కనేది, పాలిచ్చేది. బిడ్డ మాత్రం అచ్చు గుద్దినట్టు తండ్రే.

ఇదేమిటని ఎవరూ అడగలేదు. ఎండ వేడిగా ఉంటుంది, వాన తడిగా ఉంటుంది, ఇదీ అంతే అనుకున్నారు.

ఆ రోజుల్లో ఒక రాతికొండ మీద బొల్లి అనే మేక ఉండేది. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద తెల్లమచ్చ. దాని గిట్టలు కొండమేకల గిట్టలు. అడుగున మెత్తగా, అంచున గట్టిగా ఉండి, గోడలాంటి రాతిని కూడా పట్టుకునేవి. చిరుతపులి వచ్చిందంటే కొండమేకలు చకచకా నిట్టనిలువు రాతి మీదికి ఎక్కి కూర్చునేవి. చిరుత కింద నిలబడి, కాసేపు తోక ఆడించి, ఏమీ చేయలేక వెళ్లిపోయేది.

ఒక ఎండాకాలం కొండ మీద కార్చిచ్చు రేగింది. మందని తప్పించబోయి కొండపోతులన్నీ మంటల్లో పోయాయి. ఆడమేకలే మిగిలాయి. తర్వాత మైదానం నుంచి కొత్త పోతులు మేత వెతుక్కుంటూ వచ్చాయి. చెడ్డవేం కావు. కానీ వాటి గిట్టలు పలకల్లా నున్నగా ఉండేవి. గడ్డినేల మీద బాగా పరుగెత్తుతాయి. రాతి మీద పెడితే జర్రున జారతాయి.

ఆ పోతుల్లో గడ్డప్ప అనేవాడితో బొల్లి జత కట్టింది. గడ్డప్పకి పొడుగాటి గడ్డం, ఎర్రటి ఒళ్లు. ఒక కొమ్ము చివర విరిగి ఉండేది. తోడేలుతో పోట్లాడి విరగ్గొట్టుకున్నాడట. ఎవరు వినడానికి దొరికినా ఆ కథ చెప్పకుండా వదిలేవాడు కాదు.

బొల్లికి ఒక పిల్ల పుట్టింది. మువ్వ అని పేరు పెట్టుకున్నారు. ఎర్రటి ఒళ్లు, నున్నటి గిట్టలు.

"చూశావా, అచ్చు నేనే!" అన్నాడు గడ్డప్ప.

బొల్లి నవ్వింది. అప్పటికి దానికి కోపమంటే ఏమిటో తెలియదు.

మువ్వ పాలు మానే రోజుల్లో ఒక మధ్యాహ్నం చిరుత వచ్చింది.

మంద చెల్లాచెదురైంది. బొల్లి ఒక్క ఉదుటున రాతి మీదికి ఎక్కి వెనక్కి చూసింది. మువ్వ ఇంకా కిందే ఉంది. ఎక్కుతోంది, జారుతోంది. మళ్లీ ఎక్కుతోంది, మళ్లీ జారుతోంది.

"అమ్మా, కాళ్లు నిలవడం లేదే!"

"ముందుకాళ్లు ఊను! గట్టిగా ఊనవే!" అని అరుస్తూ బొల్లి పైనుంచి కిందికి దూకింది.

దాని కాళ్లు నేలకి తగిలేసరికి పొద ఊగుతోంది. మువ్వ గొంతు మళ్లీ వినపడలేదు.

బొల్లి ఏడవలేదు. నేలని గిట్టతో కొట్టింది. మట్టి లేచింది. మళ్లీ కొట్టింది.

"నా గిట్టలు ఉండుంటే నా బిడ్డ బతికేది," అంది.

గడ్డప్ప తల వంచుకుని, "దాని రాత అలా ఉంది," అన్నాడు.

"రాత కాదు, గిట్ట! నీ గిట్ట!" బొల్లి అతని మీదికి వెళ్లింది. "మోసింది నేను. నా నెత్తురు తాగి పెరిగింది. పాలు నావి. గిట్ట మాత్రం నీదా? ఎవరు రాసిచ్చారు నీకు?"

"నన్నేం చేయమంటావు? లోకమంతా అంతే కదా!"

"ఎవరికి తెలుసో వాళ్లనే అడుగుతా."

బొల్లి గాలిని అడిగింది. "నేను వాసనలు మోస్తాను, పోలికలు మోయను," అంది గాలి. "కొండ వెనక గుహలో పోలికలవ్వ ఉంటుంది. పుట్టబోయే ప్రతి బిడ్డకీ రూపం ఇచ్చేది ఆవిడే. కానీ కోపం దిగాక వెళ్లు. అవ్వకి అరుపులు పడవు."

"కోపం దిగాక వెళ్లాలంటే నేనిక వెళ్లనే వెళ్లను," అంది బొల్లి. ముళ్లు గీసుకున్నా ఆగకుండా కొండ చుట్టూ పరుగెత్తింది.

గుహ నిండా గింజలే. ఎరుపు, పసుపు, నలుపు, ఊదా. మధ్యలో పోలికలవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని, గింజల్ని దారానికి గుచ్చుతోంది. ఒక గింజ చెవికి, ఒక గింజ తోకకి, ఒక గింజ కంటిరంగుకి, ఒక గింజ గిట్టకి. దండ పూర్తయితే ఆ దండే బిడ్డ ఒంట్లో ఇమిడిపోతుంది.

"ఎవరే నువ్వు? వెలుతురుకి అడ్డం తప్పుకో," అంది అవ్వ, తల ఎత్తకుండానే.

"బొల్లిని. మువ్వ తల్లిని. అవ్వా, నా బిడ్డ దండలో నా గింజ ఒక్కటైనా వేశావా?"

"లేదే. ఎందుకు వేస్తాను? మగవాళ్లు వచ్చి గింజలు పోసిపోతారు. వాటినే గుచ్చుతాను. తల్లి అనేది ఒక్కతైనా ఈ గుమ్మం తొక్కలేదు."

"కడుపుతో ఉన్నవాళ్లం ఈ రాళ్లెక్కి ఎలా వస్తాం? పిల్లకి పాలిస్తూ ఎలా వస్తాం? ఎప్పుడైనా కబురు పెట్టావా?"

"నా పనే నాకు తెమలదు," అని అవ్వ విసుక్కుంది. "ఒక పేట దండ అయితే తొందరగా అయిపోతుంది."

"నీకు పని తొందరగా అవ్వాలని నా బిడ్డ చచ్చిపోయిందా!"

ఆ అరుపుకి గుహ కప్పు మీది గబ్బిలాలు లేచిపోయాయి. అవ్వ చేతిలోంచి గింజ జారి కిందపడింది. అప్పుడు తల ఎత్తి బొల్లిని చూసింది. ముళ్లు గీసుకుపోయిన కాళ్లని చూసింది.

ఈలోగా గడ్డప్ప రొప్పుకుంటూ వచ్చాడు. జరుగుతున్నది విన్నాడు. అతనికీ కోపం వచ్చింది.

"వినకు అవ్వా! ఇవాళ గిట్ట అంటుంది. రేపు చెవి అంటుంది, ఎల్లుండి గడ్డం అంటుంది. నా పిల్లలు నాలా లేకపోతే, వాళ్లు నా పిల్లలని ఎవరంటారు?"

బొల్లి గిర్రున తిరిగింది. "నా పిల్లలు నా పిల్లలని ఇన్నాళ్లూ ఎవరన్నారు?"

గడ్డప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చాలు, చెవులు చిల్లులు పడుతున్నాయి," అంది అవ్వ. "మీ ఇద్దరి గింజలూ రోట్లో వేసి నూరేస్తాను. కలిసిపోతాయి. తగువు తీరిపోతుంది."

"వీల్లేదు!" బొల్లి వెళ్లి రోటికి అడ్డంగా కొమ్ములు పెట్టింది. "సగం పట్టే గిట్ట, సగం జారే గిట్ట పెట్టుకుని నా బిడ్డ ఎక్కడ నిలబడుతుంది? ఒకసారి నూరితే నా గింజ మళ్లీ గింజ కాదు. పిండి అయిపోతుంది. నూరనివ్వను!"

అవ్వ రోలు పక్కకి నెట్టి ఇంకో దారం తీసింది.

"సరే. ఇకనుంచి రెండు పేటల దండ. ఒక పేట తల్లిది, ఒక పేట తండ్రిది. తల్లుల గింజలు నేనే తెప్పించుకుంటాను. ఏదీ నూరను, ఏదీ పారెయ్యను. బిడ్డ పెద్దదై తన బిడ్డకి ఇచ్చేటప్పుడు, ఒక్కో చోట ఉన్న రెండు గింజల్లో ఒక్కటే ఇవ్వాలి. అదీ కళ్లు మూసుకుని. ఎంచుకోనిస్తే రోజూ నా గుమ్మం ముందు ఇదే గోల."

"నా విరిగిన కొమ్ముకి మాత్రం ఒక గింజ వెయ్యి అవ్వా," అన్నాడు గడ్డప్ప. "వీరుడి గుర్తు కదా!"

"అది నువ్వు పుట్టాక విరిగింది. ఒంటికి తగిలిన దెబ్బకి గింజ ఉండదురా. పుట్టుకతో వచ్చినదానికే గింజ."

గడ్డప్ప ముఖం మాడ్చుకున్నాడు.

బొల్లికి మళ్లీ కాన్పు వచ్చింది. ఆడపిల్ల. చిగురి అని పేరు పెట్టారు. బొల్లి నాకి నాకి శుభ్రం చేసి చూసింది. నుదుటి మీద తెల్లమచ్చ! పొడుగు చెవులు, అచ్చు తన చెవుల్లాంటివి. బొల్లి గుండె పొంగింది. తర్వాత మెల్లగా కాలు ఎత్తి గిట్ట చూసింది.

నున్నగా ఉంది. పలకలా.

ఈసారి బొల్లి గుహకి వెళ్లిన తీరు చూసి గాలి కూడా పక్కకి తప్పుకుంది.

"మోసం! మచ్చ ఇచ్చి మభ్యపెట్టావు! మచ్చ చూసి చిరుత వదిలేస్తుందా? నా గిట్ట గింజ ఎక్కడ పారేశావు?"

"నా చేత్తో గుచ్చాను. అది చిగురి ఒంట్లోనే ఉంది," అంది అవ్వ. "ఒకే చోట రెండు గింజలు పక్కపక్కన కూర్చున్నాయా, ఒక్కోసారి ఒకదాని గొంతు పెద్దది, ఇంకోదాని గొంతు చిన్నది. పెద్దగొంతుదే వినపడుతుంది. మచ్చ దగ్గర నీ గింజ గట్టిగా మాట్లాడింది, గడ్డప్ప గింజ ఊరుకుంది. గిట్ట దగ్గర అతనిది మాట్లాడింది, నీది ఊరుకుంది."

"నోరు మెదపని గింజ చిరుతని ఆపుతుందా?"

"ఆపదు."

"మరి దేనికది?"

"చావదు. అరగదు. రంగు మారదు. చిగురి దాన్ని తన బిడ్డకి ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. ఇచ్చి, అవతలివైపు నుంచి కూడా అలాంటి గింజే వచ్చిందనుకో, ఇక అక్కడ గట్టిగా అరిచేదెవరు? ఆ రెండూ నోరు విప్పుతాయి."

"అంతవరకూ?"

"అంతవరకూ బిడ్డని కాచుకో. అది నా చేతిలో లేదు."

"నీ చేతిలో లేనివన్నీ మా నెత్తిన వెయ్యి!" అని అరిచి బొల్లి వచ్చేసింది.

కొండకి వచ్చి ఆ కోపంతోనే ఒక బండని తలతో గుద్దింది. బండ కదిలింది. ఇంకోసారి గుద్దింది. దొర్లుకుంటూ వెళ్లి నిట్టనిలువు రాతి మొదట్లో పడింది. బొల్లి దాన్ని చూసింది. ఇంకో రాయి దొర్లించింది. దాని మీద ఇంకొకటి.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు గడ్డప్ప.

"జారే గిట్టలకి మెట్లు కడుతున్నా. నువ్వు నీ కథ చెప్పుకుంటూ కూర్చో."

గడ్డప్ప వచ్చి, పెద్ద బండ కింద విరిగిన కొమ్ము దూర్చి నెట్టాడు. "మువ్వ నాకూ కూతురే," అన్నాడు. అతని గొంతులోనూ కోపమే ఉంది. ఇద్దరూ తిట్టుకుంటూనే రాళ్లు దొర్లించారు. చూసి చూసి మిగతా మేకలూ వచ్చాయి.

చిరుత మళ్లీ వచ్చినప్పుడు చిగురి, తోటి పిల్లలు రాళ్ల మీదుగా పైకి చేరారు. చిరుత కూడా అదే దారి పట్టింది. "తన్నండి!" అని బొల్లి అరిచింది. మేకలన్నీ కలిసి పైరాళ్లని కిందికి తన్నాయి. చిరుత కుంటుకుంటూ పోయింది. కానీ దారి కూలిపోయింది. మళ్లీ కట్టాలి. చిరుత వచ్చినప్పుడల్లా ఇదే వరస. కూల్చడం, కట్టడం. బొల్లి తల మీది జుట్టు రాలిపోయింది, అవ్వని తిట్టని రోజు లేదు.

చిగురి పెద్దదైంది. పక్కచరియ మీది కొండమేక కొడుకుతో జత కట్టింది. అతని తండ్రీ మైదానం పోతే కాబట్టి అతనివీ నున్నటి గిట్టలే. వాళ్లకి కవలలు పుట్టారు, ఒక మగ, ఒక ఆడ. ఈసారి బొల్లి కాళ్లు ఎత్తి చూడలేదు. మళ్లీ అంత కోపం తన ఒంట్లో పట్టదని దానికి తెలుసు.

ఒక పొద్దున్న రాళ్లదారి కూలిపోయి ఉండగా చిగురి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఆడపిల్ల కనపడటం లేదే!"

బొల్లి పొదలన్నీ వెతికింది. అప్పుడు పైనుంచి చిన్న గొంతు వినపడింది.

"అమ్మమ్మా, ఇక్కడ చిగుళ్లు ఎంత బాగున్నాయో!"

నిట్టనిలువు రాతి మీద, మెట్లు లేనిచోట, ఎర్రటి బుజ్జిమేక నిలబడి నములుతోంది. బొల్లి రెండు దూకుల్లో దాని పక్కకి వెళ్లింది. కాలు ఎత్తి చూసింది. అడుగున మెత్తగా, అంచున గట్టిగా ఉంది.

"నాకు లేదు, దాని నాన్నకీ లేదు," అని చిగురి కింద నుంచి ఆశ్చర్యంగా అరిచింది. "ఎక్కడి నుంచి వచ్చిందే అమ్మా?"

"ఎక్కడి నుంచేమిటి? నా నుంచి! దాని నాయనమ్మ నుంచి! ఇద్దరివీ కలిశాయి!" బొల్లి గుహవైపు తిరిగి గట్టిగా అరిచింది. "అవ్వా! ఇన్నేళ్లు దాచిపెడతావా? ఇన్నేళ్లు!"

గుహలోంచి దారం మీద గింజలు జారుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

కింద మగపిల్లాడు చెల్లెలిని చూసి తనూ ఎక్కబోయి జారాడు. వాడివి నున్నటి గిట్టలు. బొల్లి కిందికి దిగి, తల వంచి, మళ్లీ ఒక బండని గుద్దడం మొదలుపెట్టింది.

అప్పటినుంచే ఏ బిడ్డ అయినా సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి తీసుకుని పుడుతుంది. కళ్లు మూసుకుని ఇచ్చిన గింజలు కాబట్టి, ఒకే అమ్మానాన్నల పిల్లలైనా ఒకరిలా ఒకరు ఉండరు. అప్పటినుంచే ఇద్దరు నల్లమేకలకి ఒక్కోసారి తెల్లపిల్ల పుడుతుంది. ఉయ్యాల్లో పాపాయిని చూడటానికి వచ్చినవాళ్లు, "ముక్కు నాన్నది, నుదురు అమ్మది, మరి ఈ సొట్టబుగ్గ ఎవరిదే?" అని ఈనాటికీ తరాలు వెనక్కి వెతుక్కుంటూనే ఉన్నారు.