ఠాణాలో ఒకే ఒక్కతె

నల్లకొండ అడవిలో ఒక కాపలా ఠాణా ఉండేది. పెద్దాయన తోడేలు దొర, ఆయనకి సలహాలు చెప్పే నక్క మంత్రి, కింద పనికి అడవిపందులు. అందరూ మగవాళ్లే. ఆడవాళ్లెవరైనా గోడు చెప్పుకోవడానికి వెళితే, "అసలు ఒంటరిగా ఎందుకెళ్లావ్?" అని నిలదీసి, వెనకనుంచి నవ్వుకునేవారు. అందుకని వెళ్లడమే మానేశారు.

ఈ మాట సింహరాజు చెవిన పడింది. "ఠాణాలో ఆడవాళ్లూ ఉండాల్సిందే," అన్నాడు.

అలా కొలువులో చేరింది మచ్చి అనే రేచుకుక్క. పరుగులోగానీ, వాసన పట్టడంలోగానీ దానికి సాటి లేదు. అయినా ఠాణాలో దానికి చెప్పిన పని నీళ్లు తేవడం, రాజుగారొస్తే ముందు వరసలో నిలబడడం. 'రోజులు ఇలాగే ఉండవులే' అని సర్దిచెప్పుకుంది మచ్చి.

ఒకనాడు చామంతి అనే దుప్పి పిల్ల వచ్చింది. చెవి చీరుకుపోయి ఉంది.

"నువ్వున్నావని వచ్చానక్కా," అంది. "తోడేలు దొరగారి మేనల్లుడు వాగు దగ్గర కాపు కాస్తున్నాడు. ఈసారి దొరికితే చంపేస్తాడు."

మచ్చి నేరుగా దొర ముందుకెళ్లింది. సంగతి వినగానే దొర మొహం మాడిపోయింది. నక్క మాత్రం నవ్వాడు.

"భేష్ మచ్చీ! రేపు మధ్యాహ్నం ఆ పిల్లని వాగు దగ్గరికి తీసుకెళ్లు. మనవాళ్లు పొదల్లో ఉంటారు. నువ్వు అరిస్తే చాలు, వాణ్ని పట్టేస్తాం."

"భయమేస్తోందక్కా," అంది చామంతి.

"నేనున్నానుగా, రా!"

మర్నాడు మేనల్లుడు వచ్చాడు. మచ్చి అరిచింది. పొదలు కదల్లేదు. గొంతు చించుకుని మళ్లీ అరిచింది. ఎవరూ రాలేదు. ఒంటరిగానే వాడి మీద పడి, ఒళ్లంతా గాట్లు పడేదాకా పోరాడి తరిమింది. కానీ అప్పటికే చామంతి గొంతు తెగిపోయింది.

సభలో నక్క దీనంగా తల వంచాడు. "ఆడవాళ్లని పెట్టమన్నారు, పెట్టాం ప్రభూ! ఎవరికీ చెప్పాపెట్టకుండా ఆ పిల్లని వాగుకి తీసుకెళ్లి చంపించింది."

"అబద్ధం! పొదల్లో ఉంటామన్నది మీరే కదా!" అంది మచ్చి.

"మాకేం తెలీదు," అన్నాయి పందులు నేల చూస్తూ.

సింహరాజు నిట్టూర్చాడు. "ఆలోచన మంచిదే. మన అడవికి ఇంకా ఆ కాలం రాలేదేమో."

మచ్చి కొలువు ఊడింది. ఆ చోట్లో తోడేలు మేనల్లుడు చేరాడు.

మచ్చి కుంటుకుంటూ చామంతి తల్లి దగ్గరికి వెళ్లింది. ఆ తల్లి ఏడవలేదు, తిట్టలేదు. "నువ్వున్నావనే కదమ్మా వచ్చింది," అంది.

నీతి: చోటిచ్చి తోడివ్వకపోతే, అది కొలువు కాదు, ఉచ్చు.