తవిటమ్మ మడిలో నీళ్లు

పరశురామయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వెతుక్కునేవారు. ముప్పై ఏళ్లు వ్యవసాయాధికారిగా చేసి, చివరికి కాలువ పక్క ఊళ్లో స్థిరపడ్డ మనిషి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు సందేహాలతో వచ్చి, మోకాళ్ల దాకా బురదతో తిరిగి వెళ్లేవారు. అలా వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఒక సాయంత్రం, ఉద్యోగంలో కొత్తగా చేరిన యుగంధర్ ముఖం మాడ్చుకుని వచ్చాడు. "చెప్పినా వినని రైతుకు ఎలా చెప్పాలి మాస్టారూ?" అన్నాడు.

సంగతి ఇదీ. గవరయ్య అనే రైతు ఎకరన్నర వరికి సుడిదోమ పట్టింది. దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు అది. నీళ్లు తీసేసి మడి ఆరబెడితే అదుపులోకి వస్తుంది, లేకపోతే చేనంతా మాడిపోతుంది. గవరయ్య విశాఖలో తాపీ పనికి వెళ్లాడు. పొలంలో ఉన్న అతని భార్య దగ్గర నంబరు తీసుకుని, యుగంధర్ అతనికి ఫోను చేసి అరగంట వివరించాడు. "మీకెలా తోస్తే అలా సెయ్యండి బాబూ" అన్నాడు గవరయ్య. ఆ సాయంత్రం అందరూ ఇళ్లకు వెళ్లాక, యుగంధరే పార పట్టి గట్టుకు గండి కొట్టాడు. మర్నాడు చూస్తే గండి పూడిపోయి ఉంది, మడి నిండుగా ఉంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ పూడింది. మూడు రోజులుగా ఇదే వరస.

మాస్టారు చెప్పుల వైపు చూసి, "తెల్లవారుజామున రా" అన్నారు.

వాళ్లు వెళ్లేసరికి గవరయ్య భార్య తవిటమ్మ గట్టు దగ్గర బురదలో కూర్చుని ఉంది. గడ్డీ మట్టీ కలిపి గండిలో కూరుతోంది. గోళ్లలోంచి నెత్తురు వస్తోంది. యుగంధర్‌ని చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు లేచి నిలబడింది.

"సూడండి బాబూ! ఎవులో రోజూ గట్టు కొట్టేస్తన్నారు. సేనేమో ఎండిపోతన్నాది. ఇంకా నీల్లు పెడితే బతుకుతాదని పక్క మడి ఎర్రయ్య మావ కాల్లు పట్టుకుని ఆల వొంతు నీల్లు తెచ్చి పెడతన్నాను. మీరీ దారినే తిరుగుతారు గదా, ఆడెవుడో సూసినారేటి?"

యుగంధర్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కాలువలో కొంగల్ని లెక్కపెడుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డారు. ఆయనకు అదొక విద్య.

"నేనేనమ్మా" అన్నాడు యుగంధర్ చివరికి. "మీ ఆయనకు ఫోనులో చెప్పాను."

"మా ఇంటాయన ఆదోరం గానీ ఫోను సెయ్యరు బాబూ." ఆమెకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేదని యుగంధర్ తర్వాత నాతో అన్నాడు. చేతుల బురద కొంగుకు తుడుచుకుని, "నానిక్కడే ఉన్నాను గదా" అంది.

యుగంధర్ ప్యాంటు మడిచి మడిలోకి దిగాడు. ఒక దుబ్బు విడదీసి, మొదట్లో గుంపుగా ఉన్న పురుగుల్ని చూపించాడు. ఎండిపోతోందని తాను పెట్టిన ప్రతి తడీ ఆ పురుగునే పోషించిందని తెలిసి తవిటమ్మ పసిబిడ్డ తల నిమిరినట్టు ఆ దుబ్బును నిమిరింది. తర్వాత ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు వేసింది. ఎన్నాళ్లు ఆరబెట్టాలి? నేల ఏ మాత్రం బీటలిస్తే మళ్లీ తడి పెట్టాలి? ఎర్రయ్య మావ మడిలో నీళ్లుంటే పురుగు గట్టు దాటి రాదా? ఆ ఆఖరి ప్రశ్న యుగంధర్‌కు అంతవరకూ తట్టనే లేదు.

"అయితే ఆల మడిలో నీల్లూ తియ్యాల. మా నాట్ల జట్టులో ఎనిమిదిమందిమి. అందరికీ ఈ ఏలే సెప్తాను" అని పార అందుకుంది. అంతసేపూ చేత్తో పూడ్చిన గండిని మూడు దెబ్బల్లో తెరిచింది. మిగిలిన నీళ్లు బయటికి పోతుంటే, ఆమె అటు చూడలేక చూసింది.

తిరిగి వస్తూ, యుగంధర్ కాలువ దగ్గర కాళ్లు కడుక్కుంటూ అలవాటు కొద్దీ జేబులోంచి ఫోను తీశాడు.

"ఇలా జరిగిందని గవరయ్యకు ఒక మాట చెప్పేస్తాను మాస్టారూ."

మాస్టారు చెప్పులు దులుపుకుని తొడుక్కున్నారు.

"నీకెందుకయ్యా శ్రమ? ఆదివారం ఆవిడ చెబుతుందిలే."