ఉత్త ఉప్పునీళ్ల గొట్టం

పైడిరాజు పెంచుతున్న పాచి నూనె ఇస్తోంది. అలాంటి పాచి మామూలుగా ఇచ్చేదానికి పదింతలు ఇస్తోంది. ఈ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు, ఎందుకంటే పైడిరాజే అందరికీ చెప్పాడు. క్యాంటీన్లో టీ పోసే ఆయనకి కూడా చెప్పాడు. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఆ పాచిని అతనే శ్రీకాకుళం వైపు ఉప్పు మడుల్లోంచి సీసాలో పట్టి తెచ్చుకున్నాడు. నీలాకుపచ్చ నాచు అంటారు గాని నిజానికది బాక్టీరియా. ఎండా గాలీ తిని బతుకుతుంది. అలా బతుకుతూనే ఒంట్లో కాస్త హైడ్రోకార్బన్ నూనె చేసుకుంటుంది, డీజిల్లో ఉండే రకం. ఆ కాస్తా లేకపోతే దాని ఒంటిపొర సరిగ్గా వంగదు, కణం ఉబ్బిపోతుంది, రెండుగా చీలడానికి అవస్థపడుతుంది. కాబట్టి దాని అవసరానికి అది చేసుకుంటుంది. పదింతలు చెయ్యమని దాన్ని ఎవరూ అడగలేదు, ఒక్క పైడిరాజు తప్ప.

ఆ రోజు పదకొండు గంటలకి కమిటీ. ఫెలోషిప్ ఇంకో రెండేళ్లు పొడిగిస్తారా, పెట్టె సర్దుకోమంటారా అన్నది ఆ గదిలోనే తేలుతుంది. కిందటిసారే "ఇదే ఆఖరు" అని చెప్పి పంపారు. అందుకని పైడిరాజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గ్రాఫు కాగితం పట్టుకుని లూర్దు మేడమ్ గదికి వెళ్లాడు.

లూర్దు మేడమ్ అతని గురువు. పాచి చూస్తూ చూస్తూ జుట్టు నెరిసిన మనిషి. మాట తక్కువ. ఏడాదికోసారి ఎవరినైనా పొగిడితే అదీ పాచినే.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని గ్రాఫు చూసింది. కాగితం నిండా కొండల వరస. ఒక్కో కొండ మీదా వేలు ఆనించి, చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. పైడిరాజు మెచ్చుకోలు కోసం కాచుకుని నిలబడ్డాడు.

"గొట్టాల మూతలు ఎప్పుడైపోయాయి?" అంది.

"వేసవిలోనండి. కొత్తవి అడిగేం, ఇంకా రాలేదు. అప్పట్నించీ మైనప్పొర సాగదీసి కట్టేస్తన్నాను. అందరూ అదే కడతారు కదండి."

ఆవిడ లేచి ల్యాబులోకి వచ్చి, అరలోంచి గాజు గొట్టం ఒకటి తీసి, కడిగినదాన్నే మళ్లీ తన చేత్తో కడిగింది. అందులో ఉత్త ఉప్పునీళ్లు పోసింది. పైన మైనప్పొర సాగదీసి కట్టి, పైడిరాజు చేతిలో పెట్టింది.

"ఇందులో పాచి లేదు. పాచికి చేసినవన్నీ దీనికీ చెయ్యి."

"ఇప్పుడా మేడమ్? ఇంకో గంటన్నరలో కమిటీ."

"అందుకే ఇప్పుడు."

అనేసి, వచ్చే పెద్దల్ని కలవడానికి కిందికి వెళ్లిపోయింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే పైడిరాజుకి ఒళ్లు మండింది. ఇన్నేళ్లు చాకిరీ చేస్తే ఇదా నమ్మకం? ఖాళీ గొట్టం పరీక్ష అతనికి కొత్తా? కిందటేడు చేశాడు, శుభ్రంగా వచ్చింది. ఖాళీలో ఏమీ లేదని ఎన్నిసార్లు చూపించాలి?

ఆ కోపంలోనే గొట్టంలో హెక్సేన్ పోశాడు. నూనె ఏ మూలనున్నా లాగేసే ద్రావకం అది. పైన మళ్లీ పొర కట్టి, గొట్టాన్ని తలకిందులు చేసి చెయ్యి నొప్పెట్టేలా గిలకొట్టాడు. తేరాక పైతేట తీసి మెషిన్లోకి ఎక్కించాడు. నూనెల్ని చిన్నవి ముందు, పెద్దవి వెనక విడదీసి, ఏది ఎంతుందో తెర మీద గీత గీసి చూపించే మెషిను అది. ఇక కూర్చుని చూడటమే పని.

కూర్చుంటే మొదటి రోజు పాఠం గుర్తొచ్చింది. పాచి నూనె ఎలా చేస్తుందండీ అని అడిగితే మేడమ్ బల్ల మీద మల్లెమొగ్గలు పోసింది. రెండేసి మొగ్గలు కలిపి ముడేస్తూ జానెడు మాల కట్టింది. "కార్బన్లని ఇలాగే జతలు జతలుగా కట్టుకుపోతుంది. ఇది కొవ్వు. ఇప్పుడు నూనె," అని చివరి మొగ్గ ఒక్కటి తెంపేసింది. అంచేత పాచి చేసే నూనె గొలుసులో కార్బన్లు బేసి లెక్కనే ఉంటాయి. పదిహేను, పదిహేడు, అలాగన్నమాట.

అతని గ్రాఫులో ఇరవై ఉంది. ఇరవై రెండు ఉంది. ఇరవై నాలుగూ ఉంది. పైడిరాజు వాటిని చూడకపోలేదు. ఉప్పు మడుల పాచి కదా, దీని తీరే వేరు అని తనకి తనే చెప్పుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని అంతకుముందు చాలామంది అన్నారు, అతనూ అన్నాడు.

తెర మీద గీత నేలబారుగా పాకుతోంది. పదిహేను దగ్గర ఏమీ లేదు. పదిహేడు దగ్గరా ఏమీ లేదు. పైడిరాజు ఊపిరి వదిలాడు. "చూశారా," అన్నాడు ఎవరూ లేని గదిలో.

అప్పుడు గీత లేచింది. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఒకదాని వెనక ఒకటి కొండలు లేస్తూనే ఉన్నాయి. చేతిలో కాగితం మీదున్న కొండలే, అంతంత ఎత్తువే. పాచి మొహం చూడని ఉప్పునీళ్లు పదింతల నూనె ఇస్తున్నాయి.

మైనం. ముడి చమురులోంచి తీసే మైనం. గిలకొట్టినప్పుడల్లా హెక్సేన్ తగిలి పొర కరిగింది, కరిగిందంతా నూనె లెక్కలో కలిసింది. కిందటేడు ఖాళీ గొట్టానికి మూతుంది, అందుకే శుభ్రంగా వచ్చింది. మూతలైపోయిన రోజుల్లోనే అతను పాచి పెంచే నీళ్లలో ఉప్పు పాళ్లు మార్చాడు. నూనె పెరిగితే ఆ ఘనత ఉప్పుకీ తనకీ వేసుకున్నాడు.

మెషిను ఆపే మీట చేతికి అందేంత దూరంలోనే ఉంది. గదిలో ఎవరూ లేరు. కాగితం తీసుకురమ్మని మేడమ్ చెప్పలేదు. "శుభ్రంగానే వచ్చిందండి" అంటే ఆవిడ సరే అంటుంది. శిష్యుడి మాటని ఆవిడ ఏనాడూ రెండోసారి అడగలేదు. ఇందాక తనని నమ్మలేదని మండిపడ్డాడే, ఇప్పుడు ఆ నమ్మకమే అడ్డం పడింది.

కింద కారు తలుపులు మూసిన చప్పుడైంది. మెట్ల మీద మాటలు దగ్గరికొచ్చి, కమిటీ గదివైపు వెళ్లిపోయాయి. మీట మీద పెట్టిన వేలు చాలాసేపు అక్కడే ఉంది. పైడిరాజుకి ఏడుపొచ్చింది. వేలు తీసి, ప్రింటు నొక్కాడు.

రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాడు. కొండ మీద కొండ సరిగ్గా కూర్చుంది. అన్నీ కప్పబడిపోయాయి. పదిహేడు దగ్గర మాత్రం ఒక చిన్న గుట్ట, గోరంతది, దాని వెనక ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడింది.

"పిలుస్తున్నారు." లూర్దు మేడమ్ గుమ్మంలో ఉంది. గొట్టం సంగతి అడగలేదు.

పైడిరాజే కాగితాలు అందించాడు. "పదింతలు లేదు మేడమ్. అదంతా మైనం. వేసవి నించీ మైనాన్నే లెక్కేస్తన్నాను."

ఆవిడ తలాడించింది.

"ఇది చూపిస్తే పొడిగింపు రాదేమోనండి."

"రాకపోవచ్చు."

అంతకుమించి ఓదార్చలేదు. పైడిరాజు గోరంత గుట్ట మీద వేలు పెట్టాడు. "ఇంతే మిగిలింది."

లూర్దు మేడమ్ మళ్లీ కళ్లజోడు పెట్టుకుంది. పెద్దవాళ్లు లోపల కాచుకుని ఉన్నా తొందరపడకుండా ఆ గుట్టని చూసింది. ఇందాక కొండల దగ్గర కనబడని ఇష్టం ఇప్పుడు ఆవిడ మొహంలో కనబడింది.

"మిగిలింది కాదు," అంది. "ఉన్నది అదే."

కాగితాలు తిరిగి ఇచ్చేసి, తలుపు తెరిచి పట్టుకుంది.

"రావయ్యా, పదింతలట గదా?" అన్నారు కమిటీ పెద్ద నవ్వుతూ.

పైడిరాజు ఉప్పునీళ్ల కాగితం ముందుగా బల్ల మీద పరిచాడు.