పంటు మీద తగవు

ఏ పుస్తకం దొరికినా సూర్యచంద్రం మాస్టారు ముందు పాత పేపరుతో దానికి అట్ట వేసేస్తారు. పుస్తకం పేరూ, రాసినవాళ్ల పేరూ ఆ పేపరు కిందికి వెళ్లిపోతాయి. ఎందుకండీ అంటే, "మాసిపోకుండానోయ్" అంటారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లం ఎవరమూ ఆ మాట నమ్మలేదు. రెండో అలవాటు ఇంతకంటే కష్టమైనది. సందేహం అడిగితే జవాబు చెప్పరు. కండువా భుజాన వేసుకుని చెప్పుల కోసం చూస్తారు. అడిగినవాళ్లు వెనకాల నడవాలి. ఆ నడకలో ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి జరుగుతుంది. అర్థమైతే అయినట్టు, లేకపోతే ఇంటికి వెళ్లి అన్నం తినెయ్యడమే.

నేనూ ఆయన శిష్యుణ్ణే. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ, తీరికవేళల్లో కొత్త పుస్తకాల మీద పత్రికలకు రాస్తూ ఉంటాను. నా మొదటి పుస్తకం తీసుకెళ్లి ఆయన చేతిలో పెడితే, వారం రోజులు ఉంచుకుని, "అచ్చు బాగుందోయ్" అన్నారు. ఆయన మెచ్చుకోలు ఎంత పొదుపో చెప్పడానికి ఇది చాలు. ఆనాటి కసి నేను ఊళ్లోవాళ్ల పుస్తకాల మీద తీర్చుకుంటున్నానని మా ఆవిడ అంటుంది. అది పూర్తిగా అబద్ధమని నేను అనను.

మొన్న శ్రావణంలో ఒక ఆదివారం నేను ఆయన అరుగు మీద కూర్చుని ఉండగా కడలి ప్రణతి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. మాస్టారు రిటైరైన ఏడు ఆరో తరగతిలో చేరింది. ఈ మధ్యే దాని మొదటి నవల వచ్చింది, 'వెనక్కి పారే ఏరు' అని, నాలుగు వందల పేజీల మాయాలోకం కథ. ఆ లోకంలో ఒక ఏరుంటుంది. అది రోజుకొకసారి కాసేపు వెనక్కి పారుతుంది. ఆ కాసేపట్లో ఏరు దాటినవాళ్లకి, గడిచిపోయిన రోజుల్లోంచి ఒక్క రోజు మళ్లీ దొరుకుతుంది. చిత్రాణి అనే పడవవాడి కూతురు, చనిపోయిన తల్లితో ఆ ఒక్క రోజు గడుపుదామని ఒంటరిగా పడవ వేసుకుని బయలుదేరుతుంది. నడి ఏట్లో ఉండగా నీళ్లు వెనక్కి తిరగడం మొదలవుతుంది. పుస్తకం అక్కడితో సరి. మిగతాది రెండో భాగంలో అట.

ప్రణతి నాకు నమస్కారం పెట్టింది. ఆ నమస్కారం నాకు కాస్త గుచ్చుకుంది. ఎందుకంటే ఆ నవల మీద పత్రికలో చెడామడా రాసినవాళ్లలో నేనొకణ్ణి.

సంచీలోంచి ఒక నోటుపుస్తకం తీసి మాస్టారి ముందు పెట్టింది. పత్రికల్లో వచ్చినవి, ఉత్తరాల్లో వచ్చినవి, ఫోన్‌లో వచ్చినవి, తన పుస్తకం గురించి ఎవరేమన్నా అందులో రాసుకుందట. ఒకాయన ఇది చిన్నపిల్లల కథ అన్నారు. ఇంకొకావిడ పిల్లలకు ఇవ్వకూడని కథ అంది. రెక్కల పాము వచ్చిన చోటల్లా ఒళ్లు పులకరించిందని ఒకరు, ఆ పామును తీసేస్తే పుస్తకం బాగుపడుతుందని మరొకరు. కథ నత్తనడక నడిచిందని ఒక ఉత్తరం, ఒక్క బిగిని చదివేశానని ఒక ఉత్తరం, రెండూ ఒకే ఊరినుంచి. నాలుగో పేజీలో నా వాక్యం కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది: 'ఏరు వెనక్కి పారడమనేది ఏ కోశానా నమ్మేట్టు లేదు.'

"ఎవరి మాట నమ్మాలండీ మాస్టారూ?" అంది. "మెచ్చుకున్నవాళ్లని నమ్మితే పొగరనిపిస్తోంది. తిట్టినవాళ్లని నమ్మితే పెన్ను కదలట్లేదు. సాయంత్రం ఆరింటికి పబ్లిషరుగారు ఫోన్ చేస్తారు, రెండో భాగం ఉన్నట్టా లేనట్టా చెప్పమని. లేదనే చెప్పేద్దామనుకుంటున్నాను." సంచీలోంచి తాడు కట్టిన కాగితాల కట్ట తీసింది. "సగం పైగా రాశాను. చింపెయ్యడానికి చేతులు రాలేదు. మీ బీరువాలో పడేసి ఉంచండి."

మాస్టారు నోటుపుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివారు. నా పేజీ దగ్గర ఒకసారి కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. కట్టను మాత్రం ముట్టుకోలేదు. "ఇవాళ పోటు ఎన్నింటికోయ్?" అని నన్నడిగి, కండువా భుజాన వేసుకుని చెప్పుల కోసం చూశారు. ప్రణతి కట్టను మళ్లీ సంచీలో పెట్టుకుంది. ముగ్గురం రేవుకి నడిచాం.

మా ఊరు గోదారి పాయ సముద్రంలో కలిసేచోటికి దగ్గర. సముద్రం నీళ్లు ఏట్లోకి ఎక్కితే పోటు, దిగిపోతే పాటు. పాటు మీద మా రేవులో ఇసుకమేట తేలుతుంది. అప్పుడు పంటు కదలదు. రెండు పడవలు జత చేసి పైన బల్లలు పరిచి ఇంజను పెట్టిన వాహనం అది. మోటారు సైకిళ్లూ, కొబ్బరికాయలూ, మనుషులూ అన్నీ దాని మీదే లంకకి దాటాలి. నీళ్లు ఎక్కేదాకా జనం రేవు పాకలో కూర్చుంటారు. రిటైరైనప్పటినుంచీ మాస్టారు రోజూ మధ్యాహ్నం అక్కడికి వెళ్లి, వాళ్లకి ఏదో ఒక పుస్తకం పైకి చదివి వినిపిస్తారు. అదీ అట్ట వేసిందే. ఎవరు రాశారో వాళ్లకి తెలీదు, అడగరు. ప్రణతిది మా పక్క ఊరే అయినా ఈ రేవు ఎన్నడూ దాటలేదు. అక్కడివాళ్లకి అది కొత్త మనిషి.

మేం వెళ్లేసరికి పోటు అందుకుంది. పంటు ఎక్కాం. నడిపే సరంగు మల్లాడి పోలయ్య మాస్టారికి దండం పెట్టి ఇంజను వేశాడు. లంకలో కూరగాయలు పండించి ఇటు తెచ్చి అమ్ముకునే మరిడమ్మ ఖాళీ గంపతో ఆ చివర కూర్చుంది. రోజూ సరంగు పక్కన కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడే మనిషి ఇవాళ అతనికి వీపు పెట్టి కూర్చుంది.

"ఏం పోలయ్యా, మరిడమ్మ అటు తిరిగిందేం?" అన్నారు మాస్టారు, ఏమీ తెలియనట్టు.

"నాలుగు రోజులైందండి నాతో మాటాడి. అంతా ఆ సిత్రాణి వల్లేనండి."

ప్రణతి చెయ్యి పక్కనున్న ఇనపకమ్మీని గట్టిగా పట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. నలభై రోజులు పాకలో చదివి ఆయన ఈ మధ్యే ముగించింది ఏ పుస్తకమో అప్పుడు తెలిసింది.

"ఆ రాసినాయనెవరో గానండి," అన్నాడు పోలయ్య, "ఏరు దాటినోడు కాదండి. నీళ్లు తిరిగేటప్పుడు ఏ తెలివైనోడైనా పడవని అడ్డంగా తోలతాడేటండి? నీరెటు నుంచి వత్తందో అటు ముక్కు పెట్టి, అది నిమ్మళించేదాకా నిలబడాల. అడ్డంగా పోతే పక్క మీద కొట్టి పడేత్తాది. ఆ పిల్ల మునిగిపోయిందండి. అందులో మాటే లేదు."

మరిడమ్మ గిర్రున తిరిగింది. "నీ నోట్లో మన్నడ! ఎందుకు మునుగుద్దిరా? అవతలి గట్టు మీద అమ్మ కూకునుంది. ఉన్నది ఒక్క పొద్దు. ముక్కు అటెట్టి, ఇటెట్టి నిలబడితే ఆ పొద్దు కాత్తా అయిపోదా? అమ్మ కోసం ఎల్లే పిల్ల అడ్డంగానే పోద్ది. నేనైనా అలాగే పోతాను."

"పోతావు మరిడక్కా. పోయి మునుగుతావు."

"పంటు తోలేవోడివి నీకేం తెలుసు తెడ్డు సంగతి!"

అంత మాట పోలయ్య పడలేకపోయాడు. "సూడండి మాస్టారండీ, మీరే సూడండి. ఇప్పుడు పోటు. మన ఏరూ ఎనక్కే పారతందా? నీళ్లు దిగువ నించి వత్తన్నాయా?" అంటూ నడి గోదారిలో ఇంజను తగ్గించి, చుక్కాని బలంగా తోశాడు. మోటారు సైకిళ్లతో, కొబ్బరి బస్తాలతో, పాతికమంది జనంతో పంటు మెల్లగా తిరిగి, ముక్కు సముద్రం వైపు పెట్టి నిలబడింది. గొడవపడేవాళ్లు గొడవపడ్డారు, ఇంటి దగ్గర పనులున్నాయని అరిచేవాళ్లు అరిచారు. అయితే ఆ అరుపుల్లో సగం పోలయ్య పక్షం, సగం మరిడమ్మ పక్షం. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న ఒకాయన, రెక్కల పాము వచ్చి పడవని ఎత్తుకుపోతుందని ఘంటాపథంగా చెబుతున్నాడు. పాము ఏట్లోకి రావడానికి వీల్లేదని, దానికి నీటి గండం ఉందని మూడో అధ్యాయంలోనే చెప్పారని అతని భార్య కసురుతోంది.

"ఇదిగో, ఇలా నిలబడాల," అన్నాడు పోలయ్య గర్వంగా.

"బాగానే ఉందయ్యా," అని ఎవరో గట్టిగా అరిచారు. "నీది ఇంజను పంటు! ఆ పిల్లది ఒంటితెడ్డు పడవ, తోలేది ఒక్కతి! అంతసేపు ఎలా నిలబెడుతుంది? అడ్డంగా పోక చస్తుందా?"

ఆ అరిచింది నేనే. ఏ కోశానా నమ్మేట్టు లేదని అచ్చులో రాసినవాణ్ణి, నలభై ఏళ్లుగా రోజూ వెనక్కి పారే ఏటి పక్కనే బతుకుతున్నవాణ్ణి, మెడనరాలు బిగించి చిత్రాణి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. మాస్టారు నా వంక చూడలేదు. చూసి ఉంటే గోదారిలో దూకేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోతూ పక్కకి చూస్తే, ప్రణతి ఆ నోటుపుస్తకాన్ని వెనకనుంచి తెరిచి, తెల్ల కాగితం మీద ఏదో గబగబా రాసుకుంటోంది.

"అయితే పోలయ్యగారూ," అంది తలెత్తకుండానే, "నీళ్లు నిమ్మళించాక ముక్కు ఎటు తిప్పాలండి?"

"అదడగండి అమ్మాయిగారూ!" అని, తనకి తగిన శ్రోత దొరికినందుకు పోలయ్య పొంగిపోయి, చేతులు తిప్పుతూ అంతా వివరంగా చెప్పాడు. ప్రణతి అంతా రాసుకుంది.

అప్పుడు మాస్టారు నోరు విప్పారు. "అంతా బాగుంది గాని పోలయ్యా, ఇంతకీ ఆ ఏరు ఏ ఊళ్లో ఉంది?"

"ఏ ఊళ్లో ఏటండీ, అదిగో ఆ..." అని పోలయ్య చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎటు చూపించాలో తెలియక గాలిలోనే ఉండిపోయింది. నాలుగు రోజుల తగవు, నడి ఏట్లో పంటు తిప్పడం, పక్షాలు కట్టడం, అంతా లేని ఏటి గురించేనని పాతికమందికీ ఒక్కసారే తట్టింది. ముందు ఆకుపచ్చ చొక్కా ఆయన భార్య నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. పోలయ్య కూడా నవ్వి, చెయ్యి దించి, పంటును లంకవైపు తిప్పాడు. తిప్పుతూ, "ఏరు లేకపోతే లేకపోయింది గానండి," అన్నాడు, "తిరిగే నీళ్లలో అడ్డంగా మాత్రం ఎల్లకూడదండి."

ఆ క్షణంలో మా మాస్టారి మొహం చూడాలి. ముప్ఫై ఏళ్లకు పైగా ఎరుగుదును ఆయన్ని. పిల్లలకు ర్యాంకులొచ్చినా, కలెక్టరు వచ్చి శాలువా కప్పినా ఆ మొహం ఇంతగా వెలగలేదు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, గోదారి మొత్తం తన పొలమైనట్టు చుట్టూ చూశారు. నాకూ గర్వంగానే ఉంది. మా బడి పిల్ల అని అందరికీ చాటి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయనే చెప్పకుండా ఊరుకున్నప్పుడు నేనెవర్ని అని ఆగాను.

నవ్వనిది మరిడమ్మ ఒక్కతే. పంటు లంక రేవుకి చేరుతుంటే గంప చంకన పెట్టుకుని లేచి, మాస్టారి దగ్గరకి వచ్చి నిలబడింది.

"లేని ఏరేనండి. నాకూ తెలుసును," అంది. "మా అమ్మ పోయి పదకొండేళ్లయింది మాస్టారండీ. ఆఖరి రోజున నేను సంతలో ఉన్నాను. మీరా కథ సదివిన కాడినుంచీ, నాకే గనక ఆ ఒక్క పొద్దు దొరికితే ఏం మాటాడతానా అనుకుంటన్నాను. ఆ పిల్ల అవతలి గట్టుకి సేరిందా లేదా? రెండో పుత్తకం ఎప్పుడొత్తాదండీ? అది రాసినాయన్ని మీరెరుగుదురా? ఉంటే ఓ మాట సెప్పండి, ఇక్కడ మరిడమ్మ అనేది అడుగుతందని."

ప్రణతి సంచీని రెండు చేతులతో గుండెలకు అదుముకుంది. కళ్లనీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. సాయంత్రం ఆరు కావడానికి ఇంకా గంటన్నర ఉంది. మాస్టారి వైపు తిరిగి ఏదో అనబోయింది.

మాస్టారు కండువా సర్దుకున్నారు. "నువ్వడిగినది అలా ఉండనీ అమ్మాయ్," అన్నారు. "ముందు ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పు."